నాయకుడు వెళ్ళిపోయిన తర్వాత ఒక రాక్ బృందం చేసిన ఆల్బమ్ వినదగినదేనా?

వినదగినదే. చాలాసార్లు ముందువాటికన్నా ఎక్కువగా వినదగినదని కూడా అంటాను. సాక్ష్యంగా ఫ్లీట్‌వుడ్ మ్యాక్ 1970లో విడుదల చేసిన ‘కిల్న్ హౌస్’ను చూపిస్తాను. ఆ బృందం పేరు చెప్పగానే అందరికీ 1977 నాటి ఆల్బమ్ ‘రూమర్స్’ గుర్తుకు వస్తుంది గాని, 1967లో లండన్‌లో అమెరికా నల్లజాతీయుల సంగీతమైన బ్లూస్ వాయించడానికి దాన్ని నెలకొల్పినవాడు పీటర్ గ్రీన్. మాటలు లేని వాద్యగీతం ‘ఆల్బట్రాస్’తో బృందాన్ని బ్రిటన్ పాటల పట్టికలో అగ్రస్థానానికి చేర్చిన ఆ గిటారిస్టే 1970 మే నెలలో తప్పుకున్నాడు. మిగిలిన నలుగురూ హాంప్‌షైర్‌లో, ఒకప్పుడు బీరు తయారీకి వాడే హాప్ పూలను ఆరబెట్టిన పాత కట్టడంలో కుటుంబాలతో సహా కాపురం పెట్టి పాటలు సిద్ధం చేసుకున్నారు. ఆల్బమ్‌కు ఆ ఇంటి పేరే పెట్టారు.

వారి పరిస్థితి నాకు బాగా తెలుసు. హైదరాబాద్‌లో మా ఇంజనీరింగ్ కాలేజీ బృందంలో నేను రెండో గిటారు వాయించేవాడిని. ఏ పాట ఎంచుకోవాలి, ఏ శ్రుతిలో వాయించాలి, చివరకు వేదిక మీద ఎవరు ఎక్కడ నిలబడాలి అన్నదీ మా సీనియర్ ఒక్కడే నిర్ణయించేవాడు. ఆయన ఎమ్మెస్ చేయడానికి అమెరికా వెళ్ళిన తర్వాత జరిగిన తొలి రిహార్సల్‌లో, ఆయన నిలబడే చోటును వదిలేసి మేమందరం గోడల వెంబడి సర్దుకున్నాం. ఏం వాయిద్దామని అడిగేవారు కూడా లేరు. అంతవరకు ఎన్నడూ సలహా ఇవ్వని మా డ్రమ్మర్ ‘కిల్న్ హౌస్’లోని ‘స్టేషన్ మ్యాన్’ వాయిద్దామన్నాడు. “అన్న లేడు కదా, సోలో ఎవరు వాయిస్తారు?” అని ఒకరు అడిగితే, “సోలో ఎందుకురా, అందరం ఆ వరుసే పట్టుకుందాం” అని లెక్క మొదలుపెట్టాడు. ఒకే వరుసను పట్టుకుని నెమ్మదిగా ఊపు అందుకునే ఆ పాటలో మా బేస్ వాద్యకారుడు ఏం వాయిస్తాడో నేను మొదటిసారి స్పష్టంగా విన్నది ఆ సాయంత్రమే.

‘కిల్న్ హౌస్’లో జరిగిందీ ఇదే. అంతకుముందు 1969లో వచ్చిన ‘దెన్ ప్లే ఆన్’ ఆల్బమ్‌లో దాదాపు ఏమీ వాయించని గిటారిస్టు జెరెమీ స్పెన్సర్, ఇక్కడ తనకిష్టమైన 1950ల రాక్ అండ్ రోల్‌ను అనుకరిస్తూ, ఆట పట్టిస్తూ అనేక పాటలు పాడాడు. అప్పటికి ఇరవై ఏళ్ళు నిండిన మరో గిటారిస్టు డానీ కిర్వాన్, ‘జ్యువెల్ ఐడ్ జూడీ’లోను, ‘టెల్ మీ ఆల్ ద థింగ్స్ యు డూ’లోను, గ్రీన్ నీడ నుంచి బయటపడి తన సొంత గొంతు వినిపించాడు. దీన్ని సంధికాలపు ఆల్బమ్ అని ఒక్క మాటలో తేల్చేసేవారిలో చాలామంది రికార్డు రెండో వైపు వరకు వినలేదని నా గట్టి అనుమానం.

ఒక విషయంలో మాత్రం ఆ బృందం మీద నాకు కోపం ఉంది. బేస్ వాద్యకారుడు జాన్ మెక్‌వీ భార్య క్రిస్టీన్ ఈ పాటల్లో కీబోర్డు వాయించి, వెనుక గొంతు కలిపితే, ఆమె పేరును అట్ట మీది బొమ్మ గీసినందుకు మాత్రమే వేశారు. తర్వాతి కాలంలో ఆ బృందాన్ని నిలబెట్టిన పాటల్లో ఎన్నో ఆమె రాసినవే. మా కాలేజీ పోస్టర్ల మీద కూడా కీబోర్డు వాయించిన అమ్మాయి పేరు ఎన్నడూ కనిపించలేదు కాబట్టి, ఇది ఒక్క ఇంగ్లండుకే పరిమితమైన జబ్బు కాదు.

1971 ఫిబ్రవరిలో లాస్ ఏంజిలెస్‌లో హోటల్ నుంచి బయటకు వెళ్ళిన స్పెన్సర్ ఒక మతబృందంలో చేరిపోయి తిరిగి రాలేదు. అందువల్ల గ్రీన్ లేకుండా ఆ నలుగురూ కలిసి చేసిన స్టూడియో ఆల్బమ్ ఇదొక్కటే. కొత్తగా వినేవారు ‘జ్యువెల్ ఐడ్ జూడీ’తో మొదలుపెట్టి, ఆ తర్వాత ‘స్టేషన్ మ్యాన్’కు రావడం మంచిది. స్పెన్సర్ వేళాకోళపు పాటలను మొదటిసారి దాటవేసినా నేనేమీ అనుకోను.