ఓడ మనిషి కోసం ఆగుతుందా?

ప్రశ్న: ఓడ రేవుకు చేరినప్పుడు నావికులు ఇష్టప్రకారం ఒడ్డుకు వెళ్లి రావచ్చా? వేళకు తిరిగి రాకపోతే ఓడ వారి కోసం ఆగుతుందా?

జవాబు: వెళ్లవచ్చు కానీ, ఇష్టప్రకారం కాదు. నావికుల ఆరోగ్యం, క్షేమం దృష్ట్యా, వారి విధులకు ఆటంకం లేని మేరకు ఒడ్డుకు వెళ్లేందుకు సెలవు ఇవ్వాలని 2006 నాటి అంతర్జాతీయ సముద్ర కార్మిక ఒప్పందం చెబుతోంది. అయితే డ్యూటీలో ఉన్నవారు కదలడానికి వీల్లేదు. ఆ దేశపు ఇమిగ్రేషన్ అధికారులు అనుమతించకపోయినా దిగడం కుదరదు. కంటైనర్ ఓడలు చాలా రేవుల్లో ఒక రోజైనా నిలవకుండానే బయలుదేరుతున్నాయి కనుక, హక్కు ఉన్నా తీరిక దొరకడం లేదన్నదే అసలు ఇబ్బందని నా అభిప్రాయం.

దిగేవారు గుర్తింపు పత్రం వెంట ఉంచుకుని, ఓడ మెట్ల దగ్గరి రిజిస్టరులో పేరు, వెళ్లిన సమయం నమోదు చేస్తారు. తిరిగి రావలసిన గడువు అక్కడే బోర్డు మీద రాసి ఉంటుంది. సరుకు పని ముందే ముగిస్తే ఆ గడువు కూడా ముందే వచ్చేస్తుంది కాబట్టి, అనుభవజ్ఞులు ఓడ ఏజెంటు (ఆ రేవులో ఓడ తరఫున పనులు చూసే స్థానిక ప్రతినిధి) ఫోన్ నంబరు జేబులో లేకుండా గేటు దాటరు.

ఓడ సాధారణంగా ఆగదు. రేవులో ప్రతి గంటకూ ఖర్చే! రానివారి పాస్‌పోర్టును కెప్టెన్ ఏజెంటుకు అప్పగించి లంగరు ఎత్తిస్తారు. వారిని తరువాతి రేవుకో, ఇంటికో పంపే ఏర్పాటు ఏజెంటు చూస్తారు.