తెత్ సెలవులకు ఊరు విడిచి వెళ్లవద్దు

తిరుపతి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమందరమూ క్షేమం.

వియత్నాం కొత్త సంవత్సరం పండుగైన తెత్‌కు నీ పరిశోధన సంస్థ మూతపడుతుందనీ, ఆ రోజులన్నీ హనోయిలో ఒక్కదానివే ఎలా గడపాలో తోచక స్నేహితులతో బ్యాంకాకుకు టికెట్లు చూస్తున్నావనీ మీ అమ్మ చెప్పింది. మీ పెదనాన్న ఉద్యోగరీత్యా హనోయిలోనే కొన్నేళ్లు కాపురమున్నదాన్ని కనుక నీవు అడగకపోయినా చెబుతున్నాను, వెళ్లవద్దు. ఏడాది పాటు ఉండవలసిన ఊరిని సరిగ్గా దాని పెద్ద పండుగ నాడు వదిలిపోవడం నాకు సబబుగా తోచదు. అయితే ముందుగా సర్దుకోకుండా ఉండిపోతే మాత్రం ఇబ్బంది తప్పదు.

మన గంగమ్మ జాతరకు చాటింపు పడ్డాక ఊరివాళ్లు పొలిమేర దాటి రాత్రి బస చేయకూడదన్న కట్టుబాటు నీకు తెలిసినదే. తెత్ పండుగకు కూడా అంతటి పట్టింపే ఉంది, కాకపోతే అక్కడ ఎవరి సొంతూరికి వాళ్లు చేరుకోవాలి. హనోయిలో బతుకుతెరువుకు వచ్చినవారంతా పల్లెలకు వెళ్లిపోవడంతో, నిత్యం మోటారు సైకిళ్లతో కిటకిటలాడే వీధులు రెండు రోజుల్లో ఖాళీ అయిపోతాయి. పండుగ 2025లో జనవరి 29న, 2026లో ఫిబ్రవరి 17న పడింది. మన పంచాంగంలో పుష్య బహుళ అమావాస్యనో, కొన్ని ఏళ్లలో మాఘ బహుళ అమావాస్యనో చూసుకుంటే తేదీ ఇంచుమించు తెలిసిపోతుంది. చట్టప్రకారం సెలవు 5 రోజులే అయినా, శని ఆదివారాలు కలిసి వారం దాటుతుంది; చిన్న దుకాణాలవాళ్లు ఆపైన మంచిరోజు చూసుకుని గానీ తలుపు తీయరు.

వారి చాంద్రమాన సంవత్సరపు చివరి నెలలో 23వ తేదీన వంటింటి దేవతలను స్వర్గానికి సాగనంపుతారు. ఆ రోజు జనం ప్లాస్టిక్ సంచుల్లో నీళ్లు పోసి ఎర్రచేపలను తెచ్చి చెరువుల్లో వదులుతుంటే చూస్తావు. నీ సామాను సర్దుబాటుకు అదే గడువనుకో. ఇళ్లకు 20 లీటర్ల మంచినీళ్ల సీసాలు తెచ్చే మనిషి కూడా ఊరికి పోతాడు కాబట్టి ఒకటి అదనంగా వేయించుకో. ఏటీఎంల ముందు వరుసలు పెరగకముందే డబ్బు తీసుకో. అందులో కొంత 10,000, 20,000 డాంగుల కొత్త నోట్లుగా ఉండాలి (అంకె చూసి బెదరకు, మన లెక్కలో అది చిన్న మొత్తమే). అవి పిల్లలకు ఎర్ర కవర్లలో పెట్టి, రెండు చేతులతో ఇవ్వడానికి. నివాస పత్రం ఇంకా చేతికి రాక 90 రోజుల ఈ-వీసా మీదే ఉంటే, దాని గడువు ఆ సెలవుల్లో ముగియకుండా చూసుకోవడం అన్నిటికంటే ముఖ్యం. కార్యాలయాలు మూసి ఉన్నప్పుడు దరఖాస్తు కదలదు, గడువు దాటితే జరిమానా కట్టక తప్పదు.

ఇక పండుగ మొదటి రోజు పొద్దున, ఎంత చనువున్నా సరే, పిలవని ఇంటికి వెళ్లవద్దు. కొత్త సంవత్సరంలో గడపలో మొదట అడుగుపెట్టినవారిని బట్టే ఆ ఇంటి ఏడాది నడుస్తుందని వారి నమ్మకం. అందుకని జాతకం కుదిరిన మనిషిని ముందే చూసి రమ్మని చెప్పి ఉంచుకుంటారు. శకునం చూడనిదే వీధి గుమ్మం దాటని మీ అవ్వ పెంపకంలో పెరిగినదానివి, నీకు ఇంతకంటే వివరించనక్కరలేదు. మైలలో ఉన్నవారు ఎవరింటికీ వెళ్లరు. ఆ రోజుల్లో ఇల్లు ఊడ్చి చెత్త బయట వేస్తే సిరి పోతుందంటారు. నీవు అద్దెకున్న గదే అయినా ముందు రోజే ఊడ్చుకో, పండుగనాడు ఊడ్చడం చూస్తే ఇంటి యజమానురాలు నొచ్చుకుంటుంది. నల్లబట్టలు, తెల్లబట్టలు కూడా వద్దు.

మొదటి రోజు తండ్రి వైపు వారికి, రెండోది తల్లి వైపు వారికి, మూడోది గురువులకు అని వారిలో ఒక వరుస ఉంది. నీకు పనికొచ్చేది ఆ మూడో రోజు. మీ ప్రొఫెసరుకు ముందుగా ఫోను చేసి, రమ్మంటే పళ్లు తీసుకుని వెళ్లు, అరగంట కూర్చుని లేచి రా. అంతవరకు రోజుకు ఒక్క చోటు మాత్రమే పెట్టుకో. 1070లో కట్టిన వాన్ మియెవ్ సాహిత్యాలయం దగ్గర కుంచెతో మంచి మాట ఒకటి రాయించుకోవడానికి జనం వరుస కడతారు, ఒకరోజు అక్కడ గడిచిపోతుంది. మరొక రోజు హోవాన్ కియెమ్ సరస్సు చుట్టూ నడువు. సన్నటి తుంపర, చలి ఉంటాయి కనుక స్వెట్టరు మరవకు. మిగిలిన వేళంతా ఇంట్లో నీ చదువు నీకు ఉండనే ఉంది. ఏదో ఒకటి చూసి తీరాలని తిరిగితే మూసిన తలుపులే కనిపిస్తాయి.

అన్నిటికంటే చూడవలసినది పండుగకు రెండు మూడు రోజుల ముందే జరుగుతుంది. పాత వీధుల్లో కొన్ని కుటుంబాలు ఇప్పటికీ కాలిబాట మీద పెద్ద ఇనుప పాత్ర పెట్టి, కట్టెల మంట మీద బాన్ చుంగ్ ఉడికిస్తాయి. జిగురు బియ్యం మధ్య పెసరపప్పు పెట్టి, వెడల్పాటి ఆకుల్లో నలుచదరంగా చుట్టి, వెదురు బద్దలతో అడ్డంగా నిలువుగా కట్టిన పొట్లాలవి. పది పన్నెండు గంటలు ఉడకాలి. నీళ్లు తగ్గితే పై వరుస పచ్చిగా ఉండిపోతుంది కాబట్టి రాత్రంతా ఎవరో ఒకరు మేలుకుని వేడినీళ్లు పోస్తూనే ఉంటారు. తీశాక బరువు పెట్టి నీరు కారేటట్టు అదుముతారు. నీకు తెలిసిన ఇంట్లో చేస్తుంటే ఆ కాపలాలో కూర్చోవడానికి అడుగు, అది తప్పు కాదు. తినమంటే మాత్రం ముందు అడిగి తెలుసుకో, పెసరపప్పుతో పాటు లోపల పంది మాంసం పెట్టడం మామూలు. శాకాహారంగా చేసినవి కూడా దొరుకుతాయి.

భోజనానికి అంత దిగులు పడనక్కరలేదు. చాంద్రమాసం మొదటి రోజున అక్కడ చాలామంది బౌద్ధులు మాంసం ముట్టరు. బౌద్ధాలయాల పక్కనున్న శాకాహార భోజనశాలల్లో ఏది తెరిచి ఉంటుందో ముందే కనుక్కో. పొట్టు తీసిన పెసరపప్పు అక్కడి ఏ బజారులోనైనా దొరుకుతుంది, మిరియాలు వాళ్లు పండించేవే, కాబట్టి పొంగలికి లోటు లేదు. కరివేపాకు ఎండబెట్టి పంపుతున్నాను.

వీసా గడువు ఏ తేదీకి ఉందో సంక్రాంతి లోపల మీ అమ్మకు ఫోను చేసి చెప్పు. బ్యాంకాకు టికెట్టుకు డబ్బు ఇంకా కట్టకపోతే కట్టవద్దు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ