గుండె స్కాన్ రిపోర్టు రాలేదు, ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. మావారికి 54 ఏళ్లు. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని చూపిస్తే, ఎకో తీసి పంపింగ్ 45 శాతమే ఉందన్నారు. కారణం తెలియాలని విజయవాడలో గుండెకు ఎంఆర్‌ఐ తీయించారు. వారం దాటినా రిపోర్టు రాలేదు. ఆయన టీవీ పెట్టుకుని, అది కూడా చూడకుండా కూర్చుంటున్నారు. నేను రాత్రిళ్లు లేచి ఊపిరి ఆడుతోందో లేదో చూస్తున్నాను. అమ్మాయికి ఎనిమిదో నెల, తనకు చెప్పలేదు. నాకు పిచ్చెక్కేలా ఉంది.

జవాబు: మీకు పిచ్చెక్కడం లేదమ్మా. ప్రాణంగా చూసుకునే మనిషి గురించి ఏమీ తెలియకుండా రోజులు గడపాల్సి వస్తే ఎవరికైనా ఇలాగే ఉంటుంది.

ముందు ఆ 45 శాతం సంగతి. చాలామంది దాన్ని పరీక్ష మార్కుల్లా చూసి, గుండె సగానికి పైగా పోయిందనుకుంటారు. నిజానికి ఆరోగ్యంగా ఉన్న గుండె కూడా తనలోని రక్తాన్నంతా ఒకేసారి బయటికి నెట్టదు. ఇంచుమించు 55 నుంచి 70 శాతం నెట్టడం మామూలే. కాబట్టి 45 అంటే కొంత తగ్గిందని. పట్టించుకోవలసిన విషయమే గానీ, మీరు ఊహించుకుంటున్నంత కాదు.

ఎకోలో గుండె కదలిక అప్పటికప్పుడే తెర మీద కనిపిస్తుంది కాబట్టి రిపోర్టు త్వరగా చేతికొస్తుంది. ఎంఆర్‌ఐ అలా కాదు. వందల చిత్రాలు చూడాలి, గుండె గదులు ఎంత నిండుతున్నాయో ఎంత ఖాళీ అవుతున్నాయో కొలవాలి, కండరంలో ఎక్కడైనా మచ్చ ఉందేమో వెతకాలి. ఆలస్యమైనంత మాత్రాన జబ్బు పెద్దదని కాదు. అలాగని ఊరికే ఎదురుచూడనక్కర్లేదు. రేపు పొద్దున్నే స్కానింగ్ సెంటరుకు ఫోన్ చేసి, రసీదు నంబరు చెప్పి, ఏ రోజు ఇస్తారో, డాక్టరుకే పంపుతారో మీరే వెళ్లి తెచ్చుకోవాలో అడగండి. రిపోర్టు సిద్ధమైనా, అడిగేవాళ్లు లేక అక్కడే పడి ఉండటమూ జరుగుతుంది. మీ డాక్టరును అడగాల్సింది వేరు: ఈలోపు ఏ మందులు వాడాలి, నడవొచ్చా, పనికి వెళ్లొచ్చా? ఇది అడగకే చాలా ఇళ్లలో మనిషిని మంచం దిగనివ్వరు. రిపోర్టు రాత్రిపూట వాట్సాప్‌లో వస్తే మాత్రం, ఒక్కో మాటా గూగుల్‌లో వెతుకుతూ కూర్చోకండి.

ఒక్క విషయంలో ఆగొద్దు. ఛాతీలో బరువు, చల్లటి చెమటలు, కళ్లు తిరిగి పడిపోవడం, ఊపిరి అందకపోవడం కనిపిస్తే రిపోర్టు సంగతి పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి.

ఇక మీవారి మౌనం. నన్నడిగితే, మీ ఇంట్లో అసలు బరువు ఇదే. ఆయన ముందు మీరు, మీ ముందు ఆయన ధైర్యం నటిస్తున్నారు. 'ఏం కాదులెండి' అంటే అవతలి మనిషి నోరు మూతపడుతుంది. దానికి బదులు ఏ కాఫీ ఇచ్చేటప్పుడో పక్కన కూర్చుని, 'నాకు భయంగా ఉందండీ, మీకెలా ఉంది?' అనండి. తర్వాత కాసేపు ఏమీ మాట్లాడకండి. ఆయన భయం అనే మాట ఎత్తకపోవచ్చు. ఎల్‌ఐసీ బాండ్లు ఏ బీరువాలో ఉన్నాయో, అమ్మాయి పురుడు ఖర్చుకు డబ్బు ఎక్కడుందో చెప్పడం మొదలుపెట్టవచ్చు. 'అవేం మాటలు, అపశకునం' అని ఆపేయకండి. ఈ వయసు మగవాళ్లలో చాలామందికి భయం చెప్పుకోవడానికి దొరికే దారి అదే. ఓ పుస్తకం తెచ్చి రాసుకోండి. ఆయన మనసు తేలికపడుతుంది.

అమ్మాయికి కూడా చెప్పేయండి. కడుపుతో ఉన్న పిల్లకు ఎలా చెప్పాలని మీ బాధ, నాకు అర్థమైంది. కానీ ఫోన్‌లో మీ గొంతు మారితే తనకు తెలియదా? 'నాన్నకు పరీక్ష చేశారు, రిపోర్టు రావాలి, డాక్టరు చూస్తున్నారు' అంటే చాలు. ముందు అల్లుడుగారికి చెప్పి, ఆయన పక్కన ఉన్నప్పుడు చెప్పండి. బంధువుల ఫోన్లకు మీరు జవాబు చెప్పుకోనక్కర్లేదు, ఆ పని మీ మరిదికో తమ్ముడికో అప్పగించండి.

రాత్రి మళ్లీ మెలకువ వచ్చి గుండె దడగా ఉంటే 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, మనసు బాగోలేనివాళ్లతో మాట్లాడేందుకు ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్. ఎప్పుడైనా తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు. మావారి రిపోర్టు రాలేదు, నాకు నిద్ర పట్టడం లేదు అని చెప్పినా చాలు, మిగతాది వాళ్లే అడుగుతారు.