బరువు తగ్గలేదని ఊరుకోకండి

అమ్మా, క్రోన్స్ అనే పేగువాపు జబ్బున్న మీ పదకొండేళ్ల బాబు బరువు ఏడాదిగా 28 కిలోల దగ్గరే ఉంది, తగ్గలేదు కదా, పోషకాహార పరీక్ష ఎందుకని అడిగారు. తప్పకుండా చేయించండి. ఎదిగే పిల్లవాడికి బరువు పెరగకపోవడమే నష్టం. పిల్లల్లో పోషకాహార లోపం ముప్పును అంచనా వేసే ‘స్ట్రాంగ్‌కిడ్స్’ పద్ధతిలో 5 మార్కులకు, పేగువాపు జబ్బు ఉన్నందుకే 2 పడతాయి. బరువు పెరగకపోతే ఇంకొకటి. తిండి తగ్గినా, విరేచనాలు మితిమీరినా మరొకటి. చూడగానే చిక్కిపోయినట్టుంటే ఇంకో మార్కు. 4 వస్తే ముప్పు ఎక్కువ. మీ వాడు ఇప్పటికే 3 దగ్గర ఉన్నాడు.

మా అమ్మాయి ఎత్తు నేను పట్టించుకోలేదు. జూన్‌లో హన్మకొండలో బడి తెరిచినప్పుడు నిరుటి యూనిఫాం స్కర్టే సరిపోయిందని సంబరపడ్డాను. ఎదుగుదల ఆగిందని అప్పుడు తట్టలేదు. గోడ మీద గీత గీసి, మూడు నెలలకోసారి కొలవండి. ఆ అంకెలతో పిల్లల జీర్ణకోశ వైద్యుడిని, డైటీషియన్‌ను కలవండి. అంతవరకు ఎవరో చెప్పారని పాలు, పప్పు మాన్పించకండి.