యూరప్‌కి సొంత విదేశాంగ విధానం ఉందా? కరెంటు తీగల వైపు నుంచి నేను చూసింది

"రష్యా యుద్ధం ఆపడం లేదు, అమెరికా మాట మీద నమ్మకం లేదు, చైనాతో వ్యాపారం వదులుకోలేరు. ఇలాంటప్పుడు యూరప్‌కి సొంత విదేశాంగ విధానం అంటూ ఉందా, లేక అన్నీ ప్రకటనలేనా? అక్కడ ఉండే తెలుగువాళ్లు చెప్పండి" అని అడిగారు.

ఉంది. కానీ అది యూరోపియన్ యూనియన్ కేంద్రమైన బ్రసెల్స్ ప్రెస్‌మీట్‌లలో కనిపించదు. నేను 2017 నుంచి జర్మనీలో ఉంటున్నాను, సబ్‌స్టేషన్ ప్రొటెక్షన్ రిలేల పని, అంటే లైనులో లోపం వస్తే కరెంటుని ఆపించే పరికరాల పని. ఆ పని మీదే 2024 నవంబర్‌లో లిథువేనియా రాజధాని విల్నియస్‌ వెళ్లి ఏడు నెలలు ఉన్నాను. మీ ప్రశ్నకి నాకు జవాబు దొరికింది అక్కడే.

2025 ఫిబ్రవరి 8, శనివారం ఉదయం ఎస్టోనియా, లాట్వియా, లిథువేనియా రష్యా కరెంటు గ్రిడ్ నుంచి విడిపోయాయి. ఒక రోజు పాటు మూడు దేశాలూ కలిసి తమ ఫ్రీక్వెన్సీ (కరెంటు సెకనుకి 50 సార్లు ఊగే లయ) తామే నిలబెట్టుకుని, ఆదివారం మధ్యాహ్నం పోలండ్ మీదుగా యూరప్ గ్రిడ్‌తో కలిశాయి. విల్నియస్‌లో ఒక పెద్ద గడియారం పెట్టి ఆఖరి సెకన్లు లెక్కపెట్టారు.

ఇందులో విదేశాంగ విధానం ఏముంది అనిపించవచ్చు. ఈ దేశాలు సోవియట్ యూనియన్ నుంచి బయటపడింది 1990-91లో. యూరోపియన్ యూనియన్‌లో, నాటోలో చేరింది 2004లో. అయినా ఆ శనివారం దాకా వాటి గ్రిడ్ ఫ్రీక్వెన్సీని నియంత్రించింది మాస్కోనే. ఇల్లు మనదే, తాళం మనదే, మెయిన్ స్విచ్ మాత్రం పక్కింటివాడి గోడ మీద ఉన్నట్టు. ఆ స్విచ్‌ని ఇంట్లోకి తెచ్చుకోవడానికి సుమారు 160 కోట్ల యూరోలు ఖర్చయింది. అందులో ఎక్కువ భాగం యూరోపియన్ యూనియన్ పెట్టింది.

మన ప్రాంతంవాళ్లకి ఇది తేలిగ్గానే అర్థమవుతుంది. 2013 డిసెంబర్ 31న రాయచూర్-షోలాపూర్ లైనుతో మన దక్షిణాది గ్రిడ్ దేశ గ్రిడ్‌తో కలిసింది. అంతకుముందు ఉత్తరాన కరెంటు మిగిలినా మనకి కావలసినంత తెచ్చుకోవడానికి దారి చాలేది కాదు, ఆ కోతలు మనకి గుర్తే. రెండు గ్రిడ్లు ఒకే ఫ్రీక్వెన్సీలో నడవడం ఒకరకంగా కాపురం లాంటిది. ఒకరికి దెబ్బ తగిలితే రెండోవాళ్లు మోయాలి. నమ్మకం లేనివాళ్లతో అది కుదరదు.

విడిపోవడానికి ముందురోజు సాయంత్రం మా ఆఫీసులో సీనియర్ ఇంజనీర్ ఒకావిడ భోజనానికి పిలిచారు. యాభై దాటిన మనిషి. వంటింటి మూల ఐదు లీటర్ల నీళ్ల డబ్బాలు ఆరు, ఒక చిన్న గ్యాస్ స్టవ్, కొవ్వొత్తులు, బ్యాటరీ రేడియో వరసగా పెట్టి ఉన్నాయి. నాకు ఆశ్చర్యం వేసింది. "లెక్కలు వేసినవాళ్లలో మీరూ ఉన్నారు కదా, ఏమీ కాదని మీకే బాగా తెలుసు కదా" అన్నాను. "లెక్కల మీద నమ్మకం ఉంది. అవతలివాళ్ల మీదే లేదు" అన్నారు.

ఆవిడకి అప్పుడు పదిహేడేళ్లట. 1990 మార్చిలో లిథువేనియా స్వాతంత్ర్యం ప్రకటించుకోగానే మాస్కో ఏప్రిల్‌లో చమురు ఆపేసింది, గ్యాస్ బాగా తగ్గించేసింది. ఇంట్లో వేడినీళ్లు లేవు. వాళ్లమ్మ కరెంటు స్టవ్ మీద గిన్నెలో నీళ్లు కాచి తమ్ముడికి స్నానం చేయించేదట. మరుసటి జనవరి 13న టీవీ టవర్ దగ్గరికి సోవియట్ ట్యాంకులు వచ్చాయి. ఆ దాడిలో 14 మంది చనిపోయారు. ఇదంతా ఆవిడ సూప్ వడ్డిస్తూనే, గొంతు పెంచకుండా చెప్పారు. ఆ రాత్రి గదికి వచ్చాక నేనూ ఫోన్ ఫుల్ ఛార్జింగ్ పెట్టుకున్నాను.

2018లో నేను జర్మనీకి కొత్త. రష్యా నుంచి సముద్రం అడుగున రెండో గ్యాస్ పైపులైను, నార్డ్ స్ట్రీమ్ 2, పని మొదలైంది. క్రైమియాని రష్యా కలుపుకుని అప్పటికి నాలుగేళ్లు. పోలండ్, బాల్టిక్ దేశాలు వద్దని మొత్తుకున్నాయి. మా క్యాంటీన్‌లో వినపడిన మాట "వాళ్లకి రష్యా అంటే భయం, వాళ్ల చరిత్ర అలాంటిది" అని. నేనూ తల ఊపాను. అదే లిథువేనియా 2014లోనే క్లైపేడా రేవుకి ద్రవ గ్యాస్ నిల్వ చేసే ఓడ ఒకటి తెచ్చి పెట్టుకుంది. ఆ ఓడ పేరు ఇండిపెండెన్స్. 2022 ఏప్రిల్‌లో రష్యా గ్యాస్ మాకొద్దు అని ధైర్యంగా చెప్పగలిగింది ఆ ఓడ ఉండబట్టే. జర్మనీ తన మొదటి ద్రవ గ్యాస్ టెర్మినల్‌ని హడావుడిగా విల్‌హెల్మ్స్‌హావెన్‌లో తెరిచింది 2022 డిసెంబర్‌లో. యుద్ధానికి ముందు జర్మనీ దిగుమతి చేసుకున్న గ్యాస్‌లో సగానికి పైగా రష్యాదే మరి. భయం అని కొట్టిపారేసింది నిజానికి అనుభవం అని నాకు ఆ వంటింట్లో అర్థమైంది. చిన్న దేశాల మాట పెద్ద దేశాలు వినకపోవడమే గత ఇరవై ఏళ్లలో యూరప్ చేసిన పెద్ద తప్పని నేను గట్టిగా నమ్ముతాను.

ఇప్పుడు వింటున్నాయా? కొంతవరకు. 2025 ఫిబ్రవరి చివర్లో వైట్‌హౌస్‌లో ట్రంప్, జెలెన్‌స్కీ టీవీ కెమెరాల ముందే గొడవపడ్డారు. కొద్దిరోజుల్లోనే అమెరికా ఉక్రెయిన్‌కి ఆయుధాలు, నిఘా సమాచారం కొన్నాళ్లు ఆపేసింది. ఆ వారం మా ఆఫీసులో ఎవరికీ పని మీద మనసు లేదు. ఆ మార్చి నెలలోనే జర్మనీ తన రాజ్యాంగంలోని అప్పుల పరిమితిని రక్షణ ఖర్చు కోసం సడలించింది. మే 22న విల్నియస్ కేథడ్రల్ ముందు జర్మన్ సైనిక దళం (బ్రిగేడ్) ప్రారంభ కార్యక్రమం జరిగింది. 2027 నాటికి సుమారు 5,000 మంది అక్కడే ఉండాలన్నది ప్రణాళిక. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీ సైన్యాన్ని శాశ్వతంగా బయటి దేశంలో పెట్టడం ఇదే మొదటిసారి. ఆ సీనియర్ ఇంజనీర్ ఆవిడా నేనూ చూడ్డానికి వెళ్లాం. "జర్మన్ సైనికులు వస్తుంటే నేను చప్పట్లు కొడతానని చెబితే మా అమ్మమ్మ నమ్మేది కాదు" అన్నారు. చప్పట్లు కొడుతూనే అన్నారు.

లోపాలు లేవా అంటే, చాలా ఉన్నాయి. విదేశాంగ విషయాల్లో యూరోపియన్ యూనియన్‌లోని 27 దేశాలూ ఒప్పుకోవాలి, ఒక్కరు వద్దన్నా ఆగిపోతుంది. 2023 డిసెంబర్‌లో ఉక్రెయిన్‌తో సభ్యత్వ చర్చలు మొదలుపెట్టాలన్న నిర్ణయం ఎలా జరిగిందో తెలుసా? అప్పటి హంగరీ ప్రధాని ఓర్బాన్ ఒప్పుకోలేదు. చివరికి ఆయన గది బయటికి వెళ్లాక మిగతా 26 మంది సరే అన్నారు. ఒక ఖండం భవిష్యత్తు అలా తేలడం బాధగా ఉంటుంది. రష్యా గ్యాస్ తగ్గాక, 2024లో యూరప్‌కి వచ్చిన ద్రవ గ్యాస్‌లో దాదాపు సగం అమెరికాది. అంటే ఆధారపడటం పోలేదు, చిరునామా మారింది. అమెరికా భద్రత మీద ఆధారపడి ఉండబట్టే 2025 జులైలో తమ సరుకుల మీద 15 శాతం సుంకానికి తలొగ్గారని నా అభిప్రాయం. గాజా విషయంలో అయితే ఒక గొంతే లేదు. స్పెయిన్, ఐర్లాండ్ 2024 మేలో పాలస్తీనాను గుర్తించాయి, జర్మనీ గుర్తించలేదు. ఉక్రెయిన్ గురించి అంత గట్టిగా మాట్లాడినవాళ్లు అక్కడ నోరు పెగలక నిలబడితే, మన దేశం నుంచి వచ్చిన నాలాంటివాళ్లకి ఆ తేడా గుచ్చుకుంటుంది. ఇది నా జర్మన్ స్నేహితులతో కూడా చెబుతాను, కొందరికి కోపం వస్తుంది.

అందుకే ప్రకటనలు చూసి అంచనా వేయకండి. పైపులు, తీగలు, రేవులు, సైనికుల క్వార్టర్లు ఎక్కడ కడుతున్నారో చూడండి. అవి ఒకసారి కట్టాక ప్రభుత్వాలు మారినా తేలిగ్గా వెనక్కి పోవు. ఉక్రెయిన్‌నే తీసుకోండి. యూరప్ గ్రిడ్‌లో చేరే ముందు విడిగా నడిపి చూసే పరీక్ష కోసం రష్యా గ్రిడ్ నుంచి వాళ్లు విడిపోయింది 2022 ఫిబ్రవరి 24 తెల్లవారుజామున, యుద్ధం మొదలవడానికి కొన్ని గంటల ముందు. మళ్లీ రష్యాతో కలవలేదు. మామూలుగా మరో ఏడాది పట్టాల్సిన పనిని మూడు వారాల్లో ముగించి, మార్చి 16న యూరప్ గ్రిడ్ వాళ్లను కలుపుకుంది. సభ్యత్వం మాట ఇంకా తేలకపోయినా, క్షిపణులు పడి ప్లాంట్లు ఆగిన రోజుల్లో పోలండ్, స్లొవేకియా, రొమేనియా వైపు నుంచి, సభ్యత్వానికి అడ్డుపడిన హంగరీ వైపు నుంచి కూడా, అక్కడికి కరెంటు వెళ్తోంది.