బెంగళూరులో షాపు పెట్టినవాళ్లు మినిమం వేజ్ కన్నా ఎక్కువ జీతం ఇస్తుంటే ఓవర్‌టైమ్ విడిగా ఇవ్వాలా?

ఇవ్వాలి, అదీ మామూలు గంట కూలికి రెట్టింపు. నెల జీతం నిర్ణీత పనిగంటలకు మాత్రమే. కర్ణాటక 1961 షాపుల చట్టం ప్రకారం రోజుకు 9 గంటలు, వారానికి 48 గంటలు దాటిన పనంతా ఓవర్‌టైమే. అలసిన మనిషి చేత ఇంకా పని చేయించుకోవడం యజమానికి చవక కాకూడదనే ఈ రెట్టింపు. కేంద్రం 2019లో తెచ్చిన వేతనాల చట్టం (వేతనాల కోడ్) కూడా ఓవర్‌టైమ్‌కు రెట్టింపు ఇవ్వాలనే చెబుతుంది.

మారతహళ్లిలో ఒక తెలుగు కిరాణా షాపు అనుకుందాం. హెల్పర్ జీతం, లెక్క కోసం, 15,600 రూపాయలు. 26 రోజులకు పంచితే రోజుకు 600, ఎనిమిది గంటల లెక్కన గంటకు 75. అతను ఆరు రోజులూ 9 గంటల చొప్పున చేస్తే వారానికి 54 గంటలు. రోజు లెక్కలో తప్పు కనిపించదు, వారం లెక్కలో 6 గంటలు ఎక్కువ. గంటకు 150 చొప్పున 900 రూపాయలు ఇవ్వాలి. చాలామంది తప్పేది ఇక్కడే.

"మనూరి కుర్రాడే, భోజనం, గది మనమే ఇస్తున్నాం, ఓవర్‌టైమ్ వద్దని సంతకం కూడా పెట్టాడు" అంటుంటారు. ఆ సంతకం చెల్లదు. చట్టం ఇచ్చిన కూలిని రాసిచ్చి వదులుకోవడం కుదరదు. రెట్టింపు కట్టేది కూడా అసలు జీతం మీదే, మినిమం వేజ్ మీద కాదు.

మినిమం వేజ్ పని రకాన్ని, నైపుణ్యాన్ని, ప్రాంతాన్ని బట్టి మారుతుంది. అందులోని కరవు భత్యం ఏటా ఏప్రిల్ 1న మారుతుంది కాబట్టి పాత రేటుతో నడపకండి.