సన్న సిగరెట్టుతో హాని తగ్గుతుందా?

ప్రశ్న: తిరుపతి బస్టాండు దగ్గర కొట్టు నడిపే మా మామయ్యగారు ఈ మధ్య తెల్ల పెట్టెలో వచ్చే సన్న సిగరెట్లకు మారారు. గొంతులో మంట లేదు కనుక చేటూ తక్కువే అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: నిజం కాదమ్మా. తక్కువ ఘాటు సిగరెట్టు ఫిల్టరుపై చుట్టిన కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూస్తే, చాలా రకాల్లో సూదిమొన కంటే చిన్న రంధ్రాలు వరుసగా కనిపిస్తాయి. పీల్చినప్పుడు వాటిలోంచి బయటి గాలి చొరబడి పొగను పలచబరుస్తుంది. నిమిషానికొకసారి, రెండు సెకన్లపాటు, 35 మిల్లీలీటర్ల చొప్పున పీల్చే పరీక్షా యంత్రం అందుకే తక్కువ తారు (పొగలోని జిగట మసి), తక్కువ నికోటిన్ చూపిస్తుంది. మనిషి యంత్రం కాడు. అలవాటైన నికోటిన్ అందే వరకు మరింత లోతుగా, మరిన్నిసార్లు పీలుస్తాడు, తెలియకుండానే వేళ్లతోనో పెదవులతోనో ఆ రంధ్రాలను మూసేస్తాడు. పైగా ఊపిరితిత్తుల్లో వచ్చే అడినోకార్సినోమా అనే క్యాన్సర్ ముప్పు పెరగడానికి 1950ల తర్వాత సిగరెట్ల తయారీలో వచ్చిన మార్పులే కారణమని అమెరికా ప్రభుత్వ ప్రధాన ఆరోగ్య సలహాదారైన సర్జన్ జనరల్ 2014 నివేదిక తేల్చింది.

లేత రంగు పెట్టె, సన్నని ఆకారం, మెంథాల్ చల్లదనం నాలుకను, కంటిని మభ్యపెడతాయే తప్ప విషాన్ని తగ్గించవు. పొగాకు నిషిద్ధమైన తిరుమలలో మీ మామయ్యగారు ఒక పూట ఉండగలిగితే, మానడం ఆయనకు అసాధ్యమేమీ కాదు. 1800-11-2356 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి సలహా పొందవచ్చు.